రూల్‌కీ ఎక్స్‌పైరీ డేట్ ఉండాలి

కరోనా రూల్స్ ఎప్పుడు మొదలయ్యాయి అని అడిగితే మనలో ఎవరైనా టక్కున చెప్తారు. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుంచి లాక్‌డౌన్. సరే, అవి ఎప్పుడు అయిపోయాయి? కాలేజీ గేటు దగ్గర థర్మల్ గన్ పట్టుకుని నిలబడే మనిషి ఏ రోజు నుంచి కనపడలేదు? వ్యాక్సిన్ సర్టిఫికెట్ జిరాక్స్ అడగడం ఏ నెలలో మానేశారు? మాస్క్ లేకపోయినా లోపలికి రానిచ్చింది ఎప్పుడు? నేను చాలామందిని అడిగాను. ఒక్కరు కూడా తేదీ చెప్పలేకపోయారు. రూల్స్ వచ్చేటప్పుడు సర్క్యులర్, సంతకం, స్టాంపుతో వచ్చాయి. పోయేటప్పుడు మాత్రం చడీచప్పుడు లేకుండా పోయాయి.

పోతే పోయాయి, ఇప్పుడెందుకు ఆ గోల అంటారా? కారణం ఉంది. ఆ రూల్స్‌లో పోవాల్సినవి ఉన్నాయి, ఉండాల్సినవీ ఉన్నాయి. ఏది ఎందుకు పెట్టారో ఎవరూ రాసి పెట్టుకోలేదు కాబట్టి అన్నిటినీ ఒకే మూటగా కట్టి అటక మీద పడేశారు. ఆ మూట విప్పి చూద్దామనే ఈ వ్యాసం.

రూల్స్‌కి నాలుగు అంతస్తులు

నోటీస్ బోర్డు మీద కనపడే కాగితం చివరి అంతస్తు. దాని పైన ఇంకో మూడు ఉంటాయి.

అన్నిటికన్నా పైన కేంద్రం. లాక్‌డౌన్‌కి కేంద్రం వాడింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. తుఫాన్లు, భూకంపాల కోసం రాసుకున్న చట్టం అది. దాని కింద హోం శాఖ దేశమంతటికీ ఆదేశాలు ఇవ్వగలదు, మీరితే శిక్ష కూడా ఉంటుంది.

రెండోది రాష్ట్రం. రాష్ట్రాలు వాడింది ఇంకా పాతది, 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు తెల్లవాళ్ళు హడావుడిగా చేసినది. దీని కిందే 2020 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు తెచ్చింది. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12కే అన్నీ మూసేసిన కర్ఫ్యూ గుర్తుంది కదా, అది ఈ అంతస్తు నుంచి వచ్చిందే.

మూడోది యూజీసీ, యూనివర్సిటీలు. 2020 నవంబర్‌లో యూజీసీ క్యాంపస్‌లు తెరవడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకేసారి సగం మందికి మించి రాకూడదు. వారానికి ఆరు రోజులు క్లాసులు పెట్టుకోవచ్చు. ఇంటి నుంచి చదువుకుంటామనే వాళ్ళకి ఆన్‌లైన్ అవకాశం ఇవ్వాలి. అన్నిటికన్నా ముచ్చటైనది హాస్టల్ రూల్: రూమ్ షేర్ చేసుకోకూడదు. ఒక రూమ్‌లో నలుగురు, ఐదుగురు సర్దుకునే మన హాస్టళ్ళలో ఆ రూల్ చదివి నవ్వుకోని వార్డెన్ ఉండి ఉండడు.

నాలుగోది కాలేజీ. గేటు, లైబ్రరీ, మెస్, హాస్టల్, ల్యాబ్. ఇక్కడి రూల్స్‌లో కొన్ని పైనుంచి దిగినవి, కొన్ని ఇక్కడే పుట్టినవి. చదివే పిల్లోడికి తేడా తెలియదు. రెండూ ఒకే లెటర్‌హెడ్ మీద, ఒకే సంతకంతో వస్తాయి.

ఈ అంతస్తుల సంగతి ఎందుకంటే, పై అంతస్తు ఖాళీ అయినంత మాత్రాన కింది అంతస్తు దానంతటదే ఖాళీ కాదు. 2022 మార్చి 31 తర్వాత విపత్తు చట్టం కింద కోవిడ్ ఆదేశాలు అక్కర్లేదని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకి రాసేసింది. అంటే మొత్తానికి ఆధారమైన అంతస్తు ఆ రోజుతో పోయింది. అయినా మాస్క్ పెట్టుకోండి, చేతులు కడుక్కోండి అన్న సలహాలు కొనసాగాయి. సలహాకీ ఆజ్ఞకీ తేడా ఢిల్లీలో తెలుస్తుంది గానీ, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకి ఎవరు చెప్తారు? ఆయన దృష్టిలో పాత సర్క్యులర్‌ని రద్దు చేస్తూ కొత్త సర్క్యులర్ రాలేదు, అంతే.

ప్లేగు పాస్‌పోర్ట్ అనేది ఒకటుండేది

సర్టిఫికెట్ చూపించి లోపలికి రావడం కరోనాతో పుట్టిన ఆలోచన కాదు. మన ప్రాంతానికి అది నూట పాతికేళ్ళ పాత ముచ్చట. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1890ల చివర్లో ప్లేగు బొంబాయి నుంచి రైళ్ళ వెంట దక్షిణానికి దిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పుడు ‘ప్లేగు పాస్‌పోర్ట్’ పద్ధతి పెట్టారు. జబ్బు ఉన్న చోటి నుంచి వచ్చేవాళ్ళకి కాగితం రాసిచ్చి, దిగిన ఊళ్ళో కొన్ని రోజుల పాటు అధికారి ముందు హాజరు కమ్మనేవాళ్ళు.

వ్యాక్సిన్ కూడా అప్పుడే వచ్చింది. వాల్డెమార్ హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త 1897 జనవరిలో బొంబాయిలో ప్లేగు టీకా తయారు చేసి ముందు తనకే వేసుకున్నాడు. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో ఆ టీకా వేసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. సీసా మూత తీసేటప్పుడు జరిగిన కలుషితం అందుకు కారణమని తర్వాత తేలింది. కానీ ఈలోపు నమ్మకం దెబ్బతింది. 2021లో మన పల్లెల్లో “సూది ఏపిచ్చుకుంటివా?” అని అడిగితే “నాకేం రోగం, నాకెందుకు?” అని తప్పించుకున్న పెద్దవాళ్ళని అమాయకులని నవ్వేవాళ్ళం. ఆ భయానికి కూడా ఒక చరిత్ర ఉంది.

వ్యాక్సిన్ నిజంగా తప్పనిసరా?

ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. మన దేశంలో కోవిడ్ టీకా చట్టప్రకారం ఎప్పుడూ తప్పనిసరి కాలేదు. బలవంతంగా వేయాలని తమ మార్గదర్శకాల్లో లేదని, సర్టిఫికెట్ వెంట పెట్టుకుని తిరగాలనే నిబంధన ఏదీ తాము పెట్టలేదని 2022 జనవరిలో కేంద్రం సుప్రీంకోర్టుకే చెప్పింది.

మరి మనల్ని అడిగిందెవరు? కింది అంతస్తులు. పక్కనే ఉన్న కర్ణాటక 2021 జూలై 26 నుంచి డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచింది, కనీసం ఒక డోసు వేసుకున్న వాళ్ళకే. హిందూపురం, మడకశిర నుంచి బెంగళూరుకి పోయి చదివే మనవాళ్ళకి ఇది నేరుగా తగిలిన రూల్. మహారాష్ట్ర అదే ఏడాది అక్టోబర్ 20న కాలేజీలు తెరుస్తూ రెండు డోసులూ అడిగింది.

ఈ రూల్ కాగితం మీద ఎంత తేలికో, ఆచరణలో అంత చిక్కు. ఒక లెక్క చూడండి. 18 ఏళ్ళు పైబడిన వాళ్ళకి టీకా 2021 మే 1న తెరిచారు, కానీ మొదట్లో స్లాట్లు దొరకడమే గగనం. కేంద్రమే కొని ఉచితంగా ఇవ్వడం జూన్ 21న మొదలైంది. దానికి ముందు రోజు, జూన్ 20న, మన రాష్ట్రంలో ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సచివాలయం, ఏఎన్ఎం, ఆశా, వలంటీర్ అందరూ కదిలితే ఎట్లుంటుందో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు జూన్ 21న మొదటి కోవిషీల్డ్ వేసుకున్న ఒక విద్యార్థిని తీసుకోండి. అప్పటి నిబంధన ప్రకారం రెండో డోసుకి 84 రోజులు ఆగాలి. అంటే సెప్టెంబర్ 13. ఇంకో 14 రోజులు గడిస్తేనే ‘ఫుల్లీ వ్యాక్సినేటెడ్’. అంటే సెప్టెంబర్ 27. అన్నీ అనుకున్నట్టు జరిగితేనే ఈ తేదీ. మధ్యలో మొదటి డోసు తర్వాత కరోనా వచ్చిందా, కోలుకున్నాక ఇంకో మూడు నెలలు.

వయసు సంగతి ఇంకోటి. ఫస్టియర్‌లో చేరేవాళ్ళలో 17 ఏళ్ళ వాళ్ళు ఎంతమంది! 15 నుంచి 18 మధ్య వాళ్ళకి 2022 జనవరి 3 దాకా టీకానే లేదు. మొదలయ్యాక కూడా కోవాక్సిన్ ఒక్కటే. దొరకని వస్తువుకి సర్టిఫికెట్ తెమ్మంటే ఎవరు తెస్తారు? రూల్ రాసేవాళ్ళు ఇట్లాంటి వాళ్ళకి పక్క దారి కూడా రాయాలి. అది రాయని చోట పిల్లలు గేటు బయటే ఆగిపోయారు.

లెక్క ఎక్కడ తిరగబడింది

ఇంజనీరింగ్ మేగజైన్ కదా, ఒక చిన్న ఫార్ములా.

ఒక రోగి సగటున ఎంతమందికి జబ్బు అంటిస్తాడో ఆ అంకెని ఆర్-నాట్ అంటారు. అది 3 అనుకుందాం. ముగ్గురిలో ఇద్దరికి రక్షణ ఉంటే అతను అంటించగలిగేది ఒక్కరికే, జబ్బు పెరగదు. అంటే రక్షణ ఉండాల్సిన వాటా = 1 − 1/ఆర్-నాట్. ఇక్కడ 67 శాతం. కానీ టీకా అందరిలోనూ వ్యాప్తిని ఆపదు. ఆపే సామర్థ్యం 80 శాతం అనుకుంటే 67ని 0.8తో భాగించాలి. 83 శాతం మంది టీకా వేసుకుంటే సరిపోతుంది. కష్టమే, కానీ చేయగలిగిన పని. 2021 మొదట్లో సర్టిఫికెట్ రూల్ పెట్టిన యూనివర్సిటీల బుర్రలో ఉన్న తర్కం దాదాపు ఇదే. ‘నువ్వు వేసుకుంటే పక్కవాడికీ రక్షణ.’

2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చింది. వ్యాప్తి వేగం పెరిగింది, సోకకుండా ఆపడంలో టీకా బలం తగ్గింది. లెక్క కోసం ఆర్-నాట్ 8, టీకా సామర్థ్యం 40 శాతం అనుకోండి. 1 − 1/8 అంటే 87.5 శాతం. దాన్ని 0.4తో భాగిస్తే 219 శాతం! వంద మందిలో 219 మందికి టీకా వెయ్యాలన్నమాట. అంటే టీకాతో మాత్రమే వ్యాప్తిని ఆపడం కుదరని పని అని ఫార్ములానే చెప్తోంది.

దీనర్థం టీకా వృథా అని కాదు. ఇక్కడే వాట్సాప్ యూనివర్సిటీ వాళ్ళు తప్పుదారి పట్టిస్తారు. వేసుకున్న మనిషికి తీవ్రమైన జబ్బు రాకుండా, ఆసుపత్రి దాకా పోకుండా కాపాడే గుణం టీకాలో గట్టిగానే నిలిచింది. 2021లో బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రిలాంటి చోట మంచం కోసం ఎదురు చూసిన కుటుంబాలకి ఆ రక్షణ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. మారింది ఒక్కటే. ‘పక్కవాడి కోసం’ అన్న వాదన బలహీనపడి, ‘నీ కోసం’ అన్న వాదన మిగిలింది. నీ కోసం అయినప్పుడు సలహా ఇవ్వొచ్చు, బతిమాలొచ్చు, హాస్టల్‌కే వచ్చి ఉచితంగా వెయ్యొచ్చు. గేటు దగ్గర ఆపడానికి మాత్రం కారణం పోయింది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది

ఇదే మాట 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది. జాకబ్ పులియేల్ అనే పిల్లల డాక్టర్ వేసిన కేసు అది. తీర్పు ఇచ్చింది జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్. మొదటాయన మన గుంటూరు ప్రాంతం వారే.

తీర్పు రెండు వైపులా తూచినట్టు ఉంటుంది. ఒకటి, రాజ్యాంగం 21వ అధికరణం కింద శరీరం మీద హక్కు మనిషిదే, టీకా వేసుకొమ్మని ఎవర్నీ బలవంతం చెయ్యడానికి లేదు. రెండు, ప్రజల ఆరోగ్యం కోసం ప్రభుత్వం కొన్ని పరిమితులు పెట్టొచ్చు, కానీ అవి అవసరానికి తగ్గ మోతాదులో ఉండాలి. టీకా వేసుకోని వాళ్ళ వల్ల వ్యాప్తి ప్రమాదం వేసుకున్న వాళ్ళకంటే బాగా ఎక్కువ అని చూపే సమాచారం ప్రభుత్వాలు కోర్టు ముందు పెట్టలేదు. కాబట్టి కేసులు తక్కువగా ఉన్నంత కాలం వేసుకోని వాళ్ళ మీద ఆంక్షలు తగిన మోతాదు కావని, ఉంటే పునరాలోచించమని చెప్పింది. ఆ సూచన ప్రైవేటు సంస్థలకీ, విద్యాసంస్థలకీ కూడా వర్తించేలా ఇచ్చింది. అదే సమయంలో ప్రభుత్వ టీకా విధానం అసమంజసం కాదని, టీకాల దుష్ప్రభావాల సమాచారం ప్రజలకి అందుబాటులో పెట్టాలని కూడా అంది.

నాకు ఇందులో నచ్చిన మాట ‘మోతాదు’. మందుకి మోతాదు ఉన్నట్టే రూల్‌కీ ఉండాలి. జ్వరం తగ్గినా మాత్రలు మింగుతూ పోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

అమెరికాలో మనవాళ్ళ పాట్లు

ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలోనూ ‘ఎమ్మెస్ బ్యాచ్’ ఒకటి ఉంటుంది. వాళ్ళకి ఈ కథ వేరే రకంగా తగిలింది.

విద్యార్థులకి టీకా తప్పనిసరి అని అమెరికాలో మొదట ప్రకటించిన పెద్ద యూనివర్సిటీ న్యూజెర్సీలోని రట్గర్స్, 2021 మార్చిలో. తర్వాత వందల కాలేజీలు అదే దారి పట్టాయి. ఇండియానా యూనివర్సిటీ రూల్ మీద విద్యార్థులే కోర్టుకి పోయారు. 2021 ఆగస్టులో అప్పీలు కోర్టు, తర్వాత సుప్రీంకోర్టు కూడా ఆ రూల్‌ని ఆపడానికి ఒప్పుకోలేదు. కానీ అదే దేశంలో టెక్సాస్ గవర్నర్ తన రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థలు టీకా సర్టిఫికెట్ అడగకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. అంటే ఒకే రోజు ఒకే ఫ్లైట్ ఎక్కిన ఇద్దరు అనంతపురం ఫ్రెండ్స్‌లో డాలస్ వైపు పోయిన వాడిని ఎవరూ అడగరు, న్యూజెర్సీ పోయిన వాడిని అడుగుతారు.

కోవాక్సిన్ వేసుకున్న వాళ్ళ పరిస్థితి ఇంకా ఇబ్బంది. హైదరాబాద్‌లో తయారైన టీకా. కానీ దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి 2021 నవంబర్ 3న గానీ రాలేదు. ఆగస్టులో క్లాసులు. అందుకని చాలా యూనివర్సిటీలు ‘ఇక్కడికొచ్చి మళ్ళీ వేరే టీకా వేసుకో’ అన్నాయి. కోవిషీల్డ్ వాళ్ళకి 84 రోజుల గ్యాప్ తలనొప్పి. చదువు, ఉద్యోగం కోసం విదేశాలకి పోయేవాళ్ళూ, టోక్యో ఒలింపిక్స్‌కి పోయే క్రీడాకారులూ 28 రోజులకే రెండో డోసు వేసుకోవచ్చని 2021 జూన్ 7న కేంద్రం సడలింపు ఇచ్చింది. సర్టిఫికెట్ మీద పాస్‌పోర్ట్ నంబర్ ఎక్కించే ఏర్పాటూ చేసింది. రూల్ సడలించడం అంటే ఎత్తెయ్యడం ఒక్కటే కాదు, అవసరమైన వాడికి పక్క తలుపు తియ్యడం కూడా. దీనికి ఇది మంచి ఉదాహరణ.

ఆ దేశంలోకి విమానంలో వచ్చే విదేశీయులకి టీకా తప్పనిసరి అన్న రూల్ 2021 నవంబర్ 8న మొదలై 2023 మే 11తో ముగిసింది. దానికి కొద్ది రోజుల ముందు, మే 5న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. అయినా హార్వర్డ్ లాంటి చోట విద్యార్థుల మీద టీకా నిబంధన 2024 మార్చి దాకా ఉంది. మళ్ళీ అదే అంతస్తుల కథ.

ఇంకో ప్రశ్న. కరోనా టీకా అడగడం మానేశారు, మరి ఎమ్మెస్‌కి పోయేవాళ్ళని ఎమ్ఎమ్ఆర్ రెండు డోసుల ఫారమ్ ఇప్పటికీ ఎందుకు అడుగుతున్నారు? ఫార్ములాకి పోదాం. తట్టు ఆర్-నాట్ 15 దాకా ఉంటుంది. 1 − 1/15 అంటే 93.3 శాతం. రెండు డోసుల టీకా సామర్థ్యం 97 శాతం. భాగిస్తే 96 శాతం. వందలోపే ఉంది! అంటే అందరూ వేసుకుంటే జబ్బు నిజంగానే ఆగిపోతుంది. వ్యాప్తిని ఆపగలిగే టీకాకి గేటు దగ్గర అడగడంలో అర్థం ఉంది.

మూటలో కొట్టుకుపోయిన మంచివి

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. కరోనా రూల్స్‌ని రెండు రకాలుగా విడదీయొచ్చు. ఒకటి ఆపే రూల్స్: సర్టిఫికెట్ లేకపోతే రావద్దు, గుంపులు వద్దు, బయటివాళ్ళు వద్దు. రెండోది ఆదుకునే రూల్స్: జ్వరం వస్తే ఇంట్లో ఉండు, క్లాస్ ఆన్‌లైన్‌లో వినొచ్చు, హాజరు సంగతి మేం చూస్తాం. మొదటి రకం పోవాల్సిందే, పోయింది. రెండో రకం ఎందుకు పోయింది?

మన రెగ్యులేషన్స్ బుక్ తీయండి. సెమిస్టర్‌కి 75 శాతం హాజరు. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 లోపు పడితే డిటెయిన్, ఏ కారణమూ పనికిరాదు. సెమిస్టర్‌కి 16 వారాలు, వారానికి 6 రోజులు అనుకుంటే 96 రోజులు. 2022 జనవరి నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కోవిడ్ వస్తే ఇంట్లో 7 రోజులు ఉండాలి. అందులో ఆదివారం తీసేస్తే 6 పనిదినాలు. అంటే 6 శాతం పైనే పోయినట్టు. అదే సెమిస్టర్‌లో ఒక డెంగీ, ఊర్లో ఒక చావో పెళ్ళో కలిస్తే అంచుకొచ్చేసినట్టే.

అందుకే ప్రతి నవంబర్‌లోనూ క్లాసులో ఈ సంభాషణ వినపడుతుంది.

“ఒరేయ్, రాత్రి 102 జ్వరం అంటివి కదా, ఎందుకొచ్చినావు?”

“అరవై ఆరులో ఉండా రా.”

వాడు మూడు గంటలు దగ్గుతూ కూర్చుంటాడు. రెండు రోజుల తర్వాత బెంచీ మొత్తం దగ్గుతుంది. 2020లో ఇదే పిల్లోడు గేటు దాటితే నేరం. ఇప్పుడు గేటు దాటకపోతే నష్టం. రెండు రూల్సూ ఒకే కాలేజీలో, కొన్నేళ్ళ తేడాతో. జ్వరం మాత్రం అదే.

ఈ భారం అందరి మీదా సమానంగా పడదు కూడా. టౌన్‌లో ఇల్లున్న వాడు డాక్టర్ దగ్గరికి పోయి సాయంత్రానికి మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. హాస్టల్ పిల్లోడికి అమ్మానాన్న ఏ కళ్యాణదుర్గం అవతల చేన్లో శనక్కాయ పీకుతుంటారు. కన్సల్టేషన్ ఫీజు, మందులు, ఆటో, పైన కండొనేషన్ ఫీజు. వానలు సరిగా పడని ఏడాది అది చిన్న మొత్తం కాదు.

గాలి, నీళ్ళు

ఇంకో రెండు విషయాలు క్లుప్తంగా.

మొదట్లో అందరం బల్లలు తుడిచాం, నేల కడిగాం. కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా ప్రకటించింది. 2021 నాటికి మూసిన గదుల్లో గాలి ద్వారా వ్యాపిస్తుందని ఒప్పుకుంది. శానిటైజర్ స్టాండ్లు పోతే బాధ లేదు. కానీ ‘కిటికీలు తెరవండి’ అన్న రూల్ ఎందుకు పోవాలి? గదిలో గాలి గంటకి కనీసం 5 సార్లు మారాలని అమెరికా సీడీసీ 2023లో సూచించింది. రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే ప్రాంతం మనది. రెండు వైపులా కిటికీలు తెరిస్తే ఆ పని ఉచితంగా అవుతుంది. ఏసీ పెట్టి తలుపులు బిగించిన కంప్యూటర్ ల్యాబుల్లోనే సమస్య. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఐదు నిమిషాలు తెరిచినా చాలా తేడా ఉంటుంది.

చేతులు కడగడం సంగతి. సాలుకి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ‘20 సెకన్లు కడుక్కోండి’ అన్న పోస్టర్ అంటించారు, కుళాయి గురించి ఒక్క మాట రాయకుండా. నిమిషానికి 6 లీటర్లు వచ్చే కుళాయి 20 సెకన్లు వదిలితే 2 లీటర్లు. రోజుకి 8 సార్లు, 400 మంది హాస్టల్‌లో 6,400 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి చాలదు. సబ్బు రుద్దుకునేటప్పుడు కుళాయి కట్టేస్తే అరలీటరుతో పని అవుతుంది, మొత్తం 1,600 లీటర్లు. పోస్టర్ మీద ‘కుళాయి కట్టేసి’ అన్న రెండు మాటలు కలిపి ఉంటే ఆ రూల్ ఇక్కడి నేలకి సరిపోయేది, బహుశా ఇప్పటికీ నిలిచేది.

ఏం చెయ్యొచ్చు

అమెరికా సీడీసీ 2024 మార్చిలో కోవిడ్‌కి ఐదు రోజుల ఐసోలేషన్ కూడా తీసేసింది. దాని స్థానంలో అన్ని శ్వాసకోశ జబ్బులకీ ఒకటే మాట: లక్షణాలు తగ్గుముఖం పట్టి, మందు వేసుకోకుండా జ్వరం లేని 24 గంటలు గడిస్తే బయటికి రావొచ్చు. సడలింపు అంటే ఇట్లుండాలి. పెద్ద రూల్ తీసేశారు, దాని సారం మిగుల్చుకున్నారు.

మనం కూడా ఇదే అడగొచ్చు. సెమిస్టర్‌కి 3 రోజులు ‘జ్వర సెలవు’. సర్టిఫికెట్ అక్కర్లేదు, మెంటార్ సార్‌కి పొద్దున్నే ఒక మెసేజ్ చాలు. ఆ రోజులు హాజరు లెక్కలోకే రావు, అంటే 96 బదులు 93తో భాగిస్తారు. బంక్ కొట్టడానికి వాడుకుంటారు అంటారా? వాడుకుంటారు, కొందరు. కానీ 3 రోజులకి మించి వాడుకోలేరు. ఒక్కడి జ్వరం బెంచీకంతా అంటుకుంటే పోయే రోజులు దానికన్నా ఎక్కువ.

రెండోది, ఇకపై ఏ ఆరోగ్య సర్క్యులర్ వచ్చినా దాని కింద మూడు లైన్లు ఉండాలని కోరదాం. ఏ అంతస్తు నుంచి వచ్చింది? దేన్ని ఆపడానికి? ఏ తేదీ దాకా? మాత్రల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ డేట్ లేకపోతే మనం కొనం. తేదీ దాటాక కూడా అవసరం ఉంటే పొడిగించుకోవచ్చు, కానీ పొడిగించడానికి ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ ఆలోచించాలి. ఆ ఆలోచన జరిగి ఉంటే సర్టిఫికెట్ అడగడం ఇంకొన్నాళ్ళు ముందే ఆగేది, జ్వరం వచ్చిన వాడికి ఇచ్చిన వెసులుబాటు ఇప్పటికీ ఉండేది.

క్లాస్ రిప్రజెంటేటివ్‌లు ఈ రెండు కోరికలూ ఒక పేజీ మీద రాసి, వచ్చే అకడమిక్ కమిటీ మీటింగ్‌కి ముందు ఇస్తే బాగుంటుంది. రాయడానికి నేను రెడీ. సంతకాలు మీవి.